తేదీ లేని అర్జీ

అనంతపురంలో కలెక్టరేటుకు నడిచిపోయే దూరంలో నాకొక చిన్న జిరాక్స్, డీటీపీ అంగడి ఉంది. సోమవారం మాకు సంత రోజు. పొద్దున ఏడున్నరకే షట్టరు ముందర జనం కూర్చుని ఉంటారు, చేతిలో పాసుపుస్తకాలు, ఆధార్ కార్డులు, మడతలు పడి చిరిగిన పాత అర్జీలు. కలెక్టరుకు అర్జీలిచ్చే ఈ కార్యక్రమం పేరు ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతుంది. మీకోసం అన్నారు, స్పందన అన్నారు, ఇప్పుడు పీజీఆర్ఎస్ అంటున్నారు. మా దగ్గరికి వచ్చేవాళ్లకు మాత్రం అది ఎప్పటికీ గ్రీవెన్సే.

పేజీకి ముప్పై రూపాయలు తీసుకుని టైపు చేస్తాను. పింఛను ఆగింది, దారి మూసేసినారు, భూమి ఆన్‌లైన్‌లో వేరేవాళ్ల పేరుతో చూపిస్తోంది, ఇవే ఎక్కువ. అప్పటికి కొన్ని వేల అర్జీలు కొట్టి ఉంటాను. "పని అడిగితే ఇవ్వలేదు, చట్ట ప్రకారం నిరుద్యోగ భృతి ఇప్పించండి" అని మాత్రం ఒక్కరూ రాలేదు. 2023 మే నెలలో మా చిన్నమ్మ వచ్చేదాకా నేనూ దాని గురించి ఆలోచించలేదు.

సిగ్గుపడాల్సిన సంగతి ఏమిటంటే, ఉపాధి హామీ పథకం మొదలైందే మా జిల్లాలో. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చి ప్రారంభించారు. దేశం మొత్తానికి మొదటి ఊరు అది. వానలు సరిగ్గా పడని సీమ కాబట్టి ఇక్కడ పెట్టారు. మావాళ్లు ఇప్పటికీ దాన్ని ఉపాధి హామీ అనరు, కరువు పని అంటారు. ఆ మాటలోనే ఉంది తిరకాసు. కరువు పని అంటే సర్కారు దయతలచి ఇచ్చేది. ఇస్తే చేసుకుంటాం, ఇవ్వకపోతే బెంగుళూరు రైలెక్కుతాం. చట్టం అలా అనలేదు (నేను చెప్పే రూల్సన్నీ పాత ఉపాధి హామీ చట్టానివి, 2025 డిసెంబరులో దాని స్థానంలో కొత్తది ఆమోదించారు). మనిషి పని అడగాలి, అడిగిన 15 రోజుల్లో పని చూపించాలి, చూపించకపోతే ఆ తర్వాత నుంచి రోజువారీ భృతి ఇవ్వాలి. ఆ ఆర్థిక సంవత్సరంలో మొదటి 30 రోజులకు కూలి రేటులో నాలుగో వంతుకు తగ్గకుండా, ఆ పైన సగానికి తగ్గకుండా. ఏడో సెక్షన్‌లో స్పష్టంగా ఉంది.

మా ఊరు కళ్యాణదుర్గం వైపు. 2023లో చిన్నమ్మ రావడానికి ముందు జరిగిన సామాజిక తనిఖీలో (ఉపాధి పనుల లెక్కలు అందరి ముందరా చూసే తనిఖీ) ఏవో తేడాలు బయటపడి, ఊర్లో ఆ పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటును తీసేశారు. కొత్తవాళ్లను పెట్టలేదు. వేసవి వచ్చింది, చెనక్కాయ పొలాలన్నీ బీడు, ఆడవాళ్లకు చేతిలో పని లేదు. పద్నాలుగు మంది కలిసి పంచాయతీ దగ్గరికి పోయి అడిగారు. మండలంలో అడగండి అన్నారు. మండలానికి పోతే మీ ఫీల్డ్ అసిస్టెంటును అడగండి అన్నారు. లేని మనిషిని ఎక్కడని అడుగుతారు?

"ఎప్పుడు అడిగినారు చిన్నమ్మా?"

"శ్రీరామనవమి పోయినంక, సోమవారం."

"కాగితం రాసిచ్చినారా?"

"కాగితమెందుకు నాయనా, పద్నాలుగు మంది పోయి నోటితో చెప్పినాం కదా. ఆ సారు తల కూడా ఊపినాడు."

గోడ మీద క్యాలెండరు తిప్పి ఏప్రిల్ 3 అని లెక్కగట్టాను. ఆ రోజు నా జీవితంలోకెల్లా గొప్ప అర్జీ రాశాను. రెండు పేజీలు. మూడో సెక్షన్, ఏడో సెక్షన్, ఎనిమిది, ఇరవై ఐదు, రాజ్యాంగం ఇరవై ఒకటో అధికరణ, ఏదీ వదల్లేదు. చిన్నమ్మ దగ్గర డబ్బులు తీసుకోలేదు గానీ, ఎదురుగా కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించాను. ఆమెకు సగం అర్థం కాలేదు, అందుకే చాలా బాగుందనింది.

రెండు వారాలకు పని వచ్చింది. మే 22న పద్నాలుగు మందినీ కందకాలు తవ్వడానికి పిలిచారు. ఆ తర్వాత వారానికి అర్జీ పరిష్కారమైనట్టు సమాచారం వచ్చింది. సారాంశం ఇదీ: సదరు అర్జీదారులు ఏప్రిల్‌లో పని కోరినట్టు రికార్డుల్లో లేదు, మే 22 నుంచి పని కల్పించాం, కాబట్టి భృతి ప్రశ్న తలెత్తదు.

ఆ ఏడాది మన రాష్ట్రంలో కూలి రేటు 272 రూపాయలు. నాలుగో వంతు 68. ఏప్రిల్ 3న అడిగారనుకుంటే 15 రోజులు పోను ఏప్రిల్ 19 నుంచి మే 21 దాకా 33 రోజులు. ఆదివారాలు తీసేస్తే 28. మనిషికి 1,904 రూపాయలు, పద్నాలుగు మందికి 26,656. సర్కారుకు అది లెక్కే కాదు. మా ఊర్లో మాత్రం ఆ మనిషి వంతు డబ్బుతో ఒక ఇంటికి నెల సరుకులొస్తాయి.

అప్పీలుకు పోదామన్నాను. చిన్నమ్మ నవ్వింది. "పని వచ్చింది కదా. అరవై ఎనిమిది రూపాయలకు ఆఫీసరోళ్లతో పగ పెట్టుకుంటారా ఎవరైనా? రేపు మళ్లీ వాళ్ల దగ్గరికే పోవాల." ఆమె మాటకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు కూడా సగమే ఉంది.

అయినా ఊరుకోలేకపోయాను. రికార్డుల్లో ఎందుకు లేదన్నది బుర్ర తొలిచేసింది. వేరే మండలంలో కంప్యూటరు దగ్గర పనిచేసే తెలిసిన కుర్రాడొకడు మా అంగడి పక్కన టీ తాగడానికి వస్తాడు. వాడినడిగాను. వాడు దాపరికం లేకుండా చెప్పేశాడు: "అన్నా, పని రెడీ అయినాకే డిమాండు కొడతాం. ముందే కొడితే పదహైదు రోజుల గడియారం మొదలైపోతాది కదా."

విషయమంతా ఆ ఒక్క మాటలో ఉంది. మనిషి పని అడిగిన రోజు వేరు, కంప్యూటరులో పని అడిగినట్టు పడే రోజు వేరు. పని మంజూరై మస్టరు, అంటే కూలీల హాజరు పట్టీ, సిద్ధమైనాక అప్పుడు అడిగినట్టు నమోదు చేస్తే, అడిగినవాళ్లందరికీ వెంటనే పని దొరికినట్టు కనిపిస్తుంది. లెక్కల్లో నిరుద్యోగి అనేవాడే ఉండడు. నలభై తొమ్మిది రోజులు ఇంట్లో కూర్చున్న చిన్నమ్మ కంప్యూటరు దృష్టిలో ఒక్క రోజు కూడా ఖాళీగా లేదు.

ఇదంతా కిందివాళ్ల దుర్మార్గమని నేననను. కూలి డబ్బు ఇచ్చేది కేంద్రం. నిరుద్యోగ భృతి మాత్రం రాష్ట్రం తన ఖజానాలోంచి ఇవ్వాలి. పని చూపించని రాష్ట్రానికి అది జరిమానా లాంటిది, చట్టం చేసినవాళ్ల ఉద్దేశం అదే. కానీ ఆ జరిమానా లెక్క రాయాల్సింది కూడా ఆ ప్రభుత్వ ఉద్యోగే. తన తప్పును తానే నమోదు చేసి, తన పైవాళ్లకు బిల్లు పంపాలి. మీరైనా నేనైనా ఆ కుర్చీలో కూర్చుంటే ఏం చేస్తాం? తేదీ వేయం. ఫీల్డ్ అసిస్టెంటు సంగతి ఇంకా అన్యాయం. చాలీచాలని జీతం, పర్మినెంటు కాదు, పార్టీ మారితే ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. అతని మీద కోపం తెచ్చుకోవడం సులభం, ఉపయోగం లేదు.

నాకు చిరాకు తెప్పించేది మనవాళ్ల దృష్టిలో సాయం అనే మాటకున్న అర్థం. సాయం చేయడమంటే చెప్పించడం. ఎవరో ఒక నాయకుడి చేత ఫోను చేయించడం. ఫోను పనిచేయదని కాదు, బ్రహ్మాండంగా పనిచేస్తుంది. పక్క ఊర్లో ఒకే ఫోనుతో మూడు రోజుల్లో పని మొదలైంది, నాకు తెలుసు. కానీ ఆ ఫోను ఎక్కడా నమోదు కాదు. వచ్చే ఏడాది ఆ నాయకుడు ఓడిపోతే మళ్లీ మొదటికి. పైగా ఆ పని ఎవరి హక్కూ కాకుండా, ఆయన చేసిన మేలు అయిపోతుంది. ఓట్ల సమయంలో ఆయన దాన్ని గుర్తు చేస్తాడు కూడా.

ఇంకో రకం సాయం నాలాంటివాళ్లం చేసేది. అంతా అయిపోయినాక పెద్ద అర్జీ రాయడం. అర్జీ ఎంత పొడుగుంటే అంత బలమని నేనూ నమ్మాను, నా అంగడి అద్దె కూడా ఆ నమ్మకం మీదే నడుస్తోంది. నా రెండు పేజీల అర్జీలో అన్ని సెక్షన్లూ ఉన్నాయి, ఏప్రిల్ 3న అడిగినట్టు రుజువు మాత్రం లేదు. అది లేకపోతే మిగతాదంతా నా టైపింగు ప్రావీణ్యమే.

అప్పీలు దారులు లేవని కాదు. చాలానే ఉన్నాయి. మండలంలో ప్రోగ్రాం ఆఫీసరుకు, అంటే ఎంపీడీఓకు ఫిర్యాదు ఇస్తే ఏడు రోజుల్లో తేల్చాలని ఇరవై మూడో సెక్షన్ చెబుతుంది. పైన జిల్లా కోఆర్డినేటరుగా కలెక్టరు. జిల్లాలో ఉపాధి పనులు చూసే డ్వామా ఆఫీసు. ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ ఒకరు. తప్పు చేసినవాళ్లకు వెయ్యి రూపాయల దాకా జరిమానా వేసే సెక్షనూ ఉంది. ఈ మెట్లన్నీ ఎక్కినా ప్రతి మెట్టు మీదా అడిగేది ఒకటే ప్రశ్న: మీరు ఎప్పుడు అడిగారు, ఏదీ రసీదు?

ఈ దారుల్లో రెండింటి మీద మాత్రం నాకు గురి కుదిరింది. ఒకటి సమాచార హక్కు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో అడిగితే ఫీజు లేదు, మండలంలో ఐదు రూపాయలు, ఆ పైన పది. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత తొంభై రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు రెండోది. మా ఊరి డిమాండు రిజిస్టరు ఏప్రిల్ పేజీల నకలు అడిగాను. ఇరవై తొమ్మిదో రోజున ఇచ్చారు. ఏప్రిల్ నెలకు ఒక్క పేరూ లేదు. ఎండాకాలంలో, అనంతపురం జిల్లా పల్లెలో, నెల మొత్తానికి ఒక్క మనిషీ పని అడగలేదట! ఆ ఖాళీ పేజీ నా రెండు పేజీల కంటే ఎక్కువ మాట్లాడింది.

రెండోది సామాజిక తనిఖీ. ఇందులో మన రాష్ట్రం దేశానికే దారి చూపించింది, ఆ మాట గర్వంగానే చెప్పుకోవచ్చు. ఊరి పిల్లలే ఇల్లిల్లూ తిరిగి మస్టరు చదివి వినిపిస్తారు, తర్వాత మండలంలో అందరి ముందరా విచారణ. తర్వాతి తనిఖీలో చిన్నమ్మ లేచి ఆ ఖాళీ పేజీ చూపించి అడిగింది. డబ్బు రాలేదు. కానీ నమోదు చేసుకున్నారు, మైకులో నలుగురూ విన్నారు.

ఈ మధ్యలో ఇంకో చిన్న లెక్క చెప్పాలి, నవ్వుకోవడానికైనా. పని చేసినాక కూలి ఆలస్యమైతే దానికీ పరిహారం ఉంది. మస్టరు మూసిన పదహారో రోజు నుంచి, రావాల్సిన కూలి మీద రోజుకు 0.05 శాతం. వారం రోజుల పనికి పూర్తి రేటు పడితే 1,632 రూపాయలు. దాని మీద రోజుకు 82 పైసలు. పది రోజులు ఆలస్యమైతే ఎనిమిది రూపాయలు, మా అంగడిలో నాలుగు జిరాక్సులు. దానికోసం అర్జీ పెట్టుకోవాలంటే నాకు ముప్పై ఇవ్వాలి.

సరే, రసీదు దగ్గరికొద్దాం. పని అడిగినప్పుడు రసీదు తీసుకోమని మొదట చెప్పినప్పుడు చిన్నమ్మ ముఖం మాడ్చుకుంది. తెలిసిన మనిషిని రసీదు అడగడమంటే మా వైపు అవమానించినట్టే. "నా మీద నమ్మకం లేదా?" అంటాడు. పంచాయతీలో కూర్చునేవాడు ఏదో ఒక వరసలో బంధువో, బంధువుకు స్నేహితుడో అయి ఉంటాడు. అప్పు ఇచ్చి నోటు రాయించుకోవడానికే మొహమాటపడే జనం, అర్జీ ఇచ్చి సంతకం అడుగుతారా? చదువుకున్నవాళ్లు "అవగాహన లేదు" అని తేలిగ్గా కొట్టిపారేస్తారు. అవగాహన ఉన్నా మొహమాటం అడ్డమొస్తుంది, అది తెలియక వాళ్లిచ్చే ఉపన్యాసాలు గాల్లో కలుస్తాయి.

దారి చూపింది నేను కాదు, వాళ్లలోనే ఒకామె. పాల కేంద్రంలో రోజూ పాలు పోస్తుంది. "పాలు పోస్తే లీటరెంత, వెన్నెంత అని చీటీ ఇస్తాడు కదా మన శీనుగాడు. వాడి మీద నమ్మకం లేకనా తీసుకుంటున్నాం? బియ్యం తీసుకున్నా చీటీ వస్తాది. ఇది కూడా అట్లాంటి చీటీయే." అంతే, మిగతావాళ్లకు దారి సులువైంది. రసీదు అడగడం గొడవ కాకుండా చీటీ తీసుకోవడమైంది.

2024 ఏప్రిల్ మొదటి వారంలో పద్నాలుగు మందీ మళ్లీ పోయారు. ఈసారి నేను రాసిచ్చింది ఐదు లైన్లు. మేము ఫలానా ఊరివాళ్లం, మా జాబ్ కార్డు నంబర్లు ఇవి, ఈ రోజు నుంచి వరుసగా పద్నాలుగు రోజులకు తగ్గకుండా పని కావాలి, ఈ దరఖాస్తు అందినట్టు తేదీ వేసి సంతకం, సీలు ఇవ్వగలరు. రెండు కాపీలు. సెక్షన్లు లేవు, రాజ్యాంగం లేదు.

కాపీ తీసుకున్న ఉద్యోగి మొదట "ఎవరు రాసిచ్చినారు ఇది?" అన్నాడట. తర్వాత సీలు లేదన్నాడు. తర్వాత సారు మీటింగులో ఉన్నాడన్నాడు. ఆడవాళ్లు వరండాలో కూర్చున్నారు. మధ్యాహ్నం అయింది. ఇంటికి పోండి, రేపు రండి అంటే పాలామె అనిందట, "కూర్చుంటాంలే సారూ, మాకు యాడా పని లేదు కదా." అక్కడున్నవాళ్లే నవ్వేశారు. నాలుగు గంటలకు సీలు దొరికింది.

పదకొండో రోజుకు పని వచ్చింది. కాబట్టి భృతి రాలేదు, రావాల్సిన అవసరమూ పడలేదు. ఆ ఏడాది కూలి రేటు 300. మొదటి నెల భృతి అయితే రోజుకు 75 రూపాయలు వచ్చేది. ఇంట్లో కూర్చుని ఆ డెబ్బై ఐదు తీసుకోవాలని వాళ్లలో ఎవరికీ లేదు, పని కావాలన్నదే వాళ్ల మాట. తేదీ పడిన కాగితం ఒకటి వాళ్ల దగ్గరుందని ఆఫీసుకు తెలియడంతోనే గడియారం తిరగడం మొదలైంది. అందుకే భృతి గెలిచిన కథలు నాకు ఎక్కువ తెలియవు, రసీదు తీసుకున్నాక పని వచ్చిన కథలు ఇప్పటికి నాలుగైదు తెలుసు. రసీదున్నా రాని ఊరు కూడా ఒకటుంది, వాళ్ల ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. కానీ అది నడుస్తోంది, రికార్డులో లేదని మూసేయలేదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. రసీదు తీసుకుని బెంగుళూరు పోయి కూర్చుంటే లాభం లేదు. పనికి రమ్మని కబురు వచ్చిన పదిహేను రోజుల్లో పోకపోతే మూడు నెలలు భృతి హక్కు పోతుంది. వలస పోయే ఇళ్లలో ఇది పెద్ద చిక్కే.

వలస అన్నాను కాబట్టి ఇంకో మాట. బెంగుళూరు గార్మెంట్సులో పనిచేసి, కంపెనీ మూతపడి తిరిగొచ్చే పిల్లలు మా అంగడికి పీఎఫ్ కోసం వస్తారు. జీతంలో ఈఎస్ఐ, అంటే కార్మికుల బీమా చందా కూడా కోసి ఉంటారు. ఆ ఈఎస్ఐలో ఉద్యోగం పోయినవాళ్లకు భృతి ఇచ్చే పథకం 2018 నుంచి ఉందని, 2020లో దాన్ని సగటు కూలిలో పాతిక శాతం నుంచి సగానికి పెంచారని, జీవితంలో మొత్తం తొంభై రోజుల దాకా ఇస్తారని నేను చెబితే తెల్లమొహం వేస్తారు. కనీసం రెండేళ్లు ఉద్యోగం, అందులో నిర్ణీత రోజులకు చందా కట్టి ఉండాలి. వాళ్లనీ నేను మొదట అడిగేది కాగితమే: చివరి రోజు ఏది, అది రాసి ఉందా? పీఎఫ్‌లో ఉద్యోగం మానేసిన తేదీ పడకే సగం క్లెయిములు వెనక్కొస్తాయి. ఊర్లో పని అడిగిన తేదీ, ఊరి బయట పని పోయిన తేదీ. రెండూ రాయించుకోవాల్సింది మనమే.

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ స్థానంలో కొత్త చట్టాన్ని ఆమోదించింది. వంద రోజులను నూట ఇరవై ఐదు చేశామంటున్నారు. దాని మంచిచెడ్డల గురించి కొట్లాడుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను పైన చెప్పిందంతా పాత చట్టం కింద జరిగిన సంగతి. ఎన్ని రోజులని రాసినా, అడిగిన రోజును ఎవరు రాస్తారన్నది మా ఊర్లో ముందు తేలాల్సిన విషయం. వంద రోజులప్పుడే తేలలేదు.

నేనిప్పుడు ఆ ఐదు లైన్ల దరఖాస్తుకు డబ్బు తీసుకోవడం లేదు. దాతృత్వం అనుకోకండి, పెద్ద అర్జీలతో నడిపిన వ్యాపారానికి చిన్న పరిహారం, రోజుకు 0.05 శాతం లాంటిదే.

మొన్న చిన్నమ్మ మళ్లీ వచ్చింది. పక్క ఊరి ఆడవాళ్లు అడిగారట, పదిహేను కాపీలు కావాలంది. టైపు చేసి, అలవాటు కొద్దీ పైన కుడివైపు ఆ రోజు తేదీ కొట్టబోయాను. చెయ్యి పట్టుకుని ఆపింది.

"తేదీ నువ్వు వేయొద్దు నాయనా. ఆ సారుతోనే వేయిస్తాం."